చిన్న అచ్చు, సొంత బొమ్మ: చదవదగిన స్వతంత్ర కామిక్స్ గురించి

‘మౌస్’, ‘పెర్సెపోలిస్’ అనే బొమ్మల కథల పుస్తకాలు చదివి ముగ్ధులయ్యాననీ, ఆ రెండూ మొదట చిన్న పత్రికల్లో, చిన్న ప్రచురణల్లో పుట్టాయని తర్వాత తెలిసిందనీ మీరు రాశారు. అలాంటివి ఇంకేమున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి, జిరాక్స్ కాగితాలకు పిన్ను కొట్టి అమ్మే జైన్లకు డబ్బు పెట్టడం దండగ కాదా అన్నవి మీ ప్రశ్నలు. ఇరవై అయిదేళ్ళకు పైగా వీటిని కొంటూ, చదువుతూ, పోగొట్టుకుంటూ ఉన్నవాణ్ణి. అంతకుముందు కొన్నాళ్ళు విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేశాను. నా అభిరుచిలో సగం ఆ ప్రెస్సు నేర్పిందే కనుక, కథల గురించి చెబుతూనే కాగితం, అచ్చు, ఖర్చుల గురించి కూడా మాట్లాడతాను. అది విషయాంతరం కాదు. ఈ రకం కామిక్స్‌లో కథ ఎలా చెప్పాలన్నది చాలాసార్లు జేబులో ఉన్న డబ్బే నిర్ణయించింది.

ముందు ‘జైన్’ అనే మాట సంగతి. తెలుగులో మ్యాగజైన్ అంటాం కనుక దాని తల కత్తిరిస్తే ‘జైన్’ మిగులుతుంది. ఇంగ్లీషువాళ్ళు మాత్రం ‘జీన్’ అని పలుకుతారు. అది జన్యువులాగా వినబడుతుంది, ఇది మతంలాగా. రెండింటిలో నేను రెండోదే ఉంచుకున్నాను. అభిమానులు నడిపే పత్రిక అనే అర్థంలో ‘ఫ్యాన్‌జైన్’ అనే మాటను 1940లో రస్ షోవనే అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ అభిమాని పుట్టించాడు. పని మాత్రం మాటకంటే పాతది. సూపర్‌మన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ కుర్రతనంలో సొంతంగా ఒక సైన్స్ ఫిక్షన్ పత్రిక నడిపారు. ‘సూపర్‌మన్’ అనే పేరు మొదట 1933లో ఆ పత్రికలోనే, ఒక దుష్టపాత్రకు పెట్టిన పేరుగా కనిపిస్తుంది. మనకూ ఇది బొత్తిగా కొత్త కాదు. ఊళ్ళలో, హైస్కూళ్ళలో ఒకే ఒక్క ప్రతిగా తయారై చేతులు మారిన లిఖిత పత్రికలు, స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ మీద తిప్పిన సంచికలు ఈ జాతివే. 1965లో హైదరాబాదులో దిగంబర కవుల తొలి సంపుటిని ఏ పండితుడూ కాక నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించడంలో ఉన్న ధిక్కారం, ఆ తర్వాతి దశాబ్దంలో లండన్‌లో కుర్రాళ్ళు జిరాక్స్ తీసి పంచుకున్న పంక్ సంగీత పత్రికల్లోని ధిక్కారానికి అన్నగారే అని నా అభిప్రాయం. అయితే మన చిన్న పత్రికలు ప్రధానంగా కవిత్వానికే అంకితమైపోయాయి. బొమ్మల కథకు ఆ వీలు దొరకలేదు.

ఇప్పుడు చదవవలసినవాటి దగ్గరికి వద్దాం. ఒక చిన్న ప్రచురణ నా చేతికి వచ్చినప్పుడు నేను చూసేది ఇది: దీన్ని ఎవరి డబ్బుతో అచ్చు వేశారు, ఆ డబ్బుకు ఎన్ని పేజీలు వచ్చాయి, ఆ పేజీలకు తగినట్టు కథను వంచారా లేక పెద్ద కథను ఇరికించారా? సెంటర్ పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు ఎప్పుడూ నాలుగు గుణిజాల్లోనే ఉండాలి. ఒక్క పేజీ పెరిగితే మరో మూడు పేజీలకు విషయం వెతుక్కోవాలి. నలుపు తెలుపుకు ఒక్క అచ్చు ప్లేటు చాలు, రంగులకు నాలుగు కావాలి. ఇవన్నీ అడ్డంకులని ఏడవకుండా వీటినే కథనపద్ధతిగా మార్చుకున్నవాళ్ళు మంచి కామిక్స్ చేశారు. మిగిలినవాళ్ళు చేసినవి, నిజం చెప్పాలంటే, స్నేహితులకు తప్ప మరెవరికీ అక్కరలేనివి. జైన్లలో అధికభాగం అలాంటివే. ఆ మేరకు మీ అనుమానం న్యాయమైనదే.

నేను మొదట చెప్పే పేరు హార్వీ పీకార్. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో, మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్ళు సర్దే గుమాస్తా. బొమ్మలు గీయడం రాదు. గీతల మనుషులను వేసి, పక్కన మాటలు రాసి చిత్రకారులకు ఇచ్చేవాడు. 1976లో ‘అమెరికన్ స్ప్లెండర్’ అనే పేరుతో తన రోజువారీ జీవితాన్నే కామిక్‌గా సొంత ఖర్చుతో ప్రచురించడం మొదలుపెట్టి, ఇంచుమించు ఏడాదికొక సంచిక చొప్పున పదిహేనేళ్ళ దాకా తానే వేసుకున్నాడు. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కూడా కథగానే రాశాడు: పాత జాజ్ రికార్డులు కొనే వ్యసనాన్ని మానుకుని, ఆ మిగిలిన డబ్బుతో కామిక్ పుస్తకం వేసిన వైనం ఆ పత్రికలోనే ఒక కథ. ఉద్యోగానికి వెళ్ళడం, తోటి గుమాస్తాలతో బాతాఖానీ, కిరాణా కొట్టు వరుసలో ముందు నిలబడ్డ ముసలమ్మల బేరాలు చూసి విసుక్కోవడం, ఇవే ఇతివృత్తాలు. సంఘటన అనదగినది ఏదీ జరగని కథను పాఠకుడు ఎందుకు చదవాలి అన్న ప్రశ్నకు, రావిశాస్త్రి, చాసో కథలు చదివిన మనకు సమాధానం చెప్పనక్కరలేదు. కాని ఆనాటి అమెరికన్ కామిక్స్ లోకంలో అది ఎవరూ చేయని పని.

పీకార్ కథల్లో ఒక్కటే చదివే తీరిక ఉంటే, రాబర్ట్ క్రమ్ అనే చిత్రకారుడు బొమ్మలు వేసిన, పీకార్ సొంత పేరు గురించిన చిన్న కథను చదవండి. టెలిఫోన్ డైరెక్టరీలో తన పేరే ఉన్న ఇంకొకతను కనిపిస్తాడు. కొన్నాళ్ళకు మూడో హార్వీ పీకార్ కూడా తేలతాడు. తర్వాత వాళ్ళ మరణవార్తలు చదువుతాడు. ఏనాడూ కలుసుకోని ఆ మనుషుల కోసం దిగులుపడి, ఇంతకీ ఈ పేరు గలవాడు ఎవరు అని ఆలోచనలో పడతాడు. బొమ్మలు గీసిన అన్ని గళ్ళలోనూ దాదాపు ఒకే ముఖం, మనవైపే చూస్తూ మాట్లాడుతుంటుంది. కనుబొమల కదలికలో, ఒక గడిలో మాట లేకుండా ఉండిపోవడంలో, చెప్పేవాడి ఊపిరి వినబడుతుంది. ఇదే కథను ఏ పెద్ద సంస్థకు ఇచ్చినా ‘బొమ్మ మారడం లేదేమిటి’ అని తిప్పి పంపేవారు. తర్వాత పీకార్‌కు క్యాన్సర్ వచ్చినప్పుడు భార్య జాయిస్ బ్రాబ్నర్‌తో కలిసి రాసిన ‘అవర్ క్యాన్సర్ ఇయర్’ 1994లో వచ్చింది. జబ్బు మనిషికి సేవచేసిన అనుభవం ఉన్నవారు కాస్త గుండె చిక్కబట్టుకుని చదవాలి.

రెండో పేరు జాన్ పోర్సెలినో. ఇతని ‘కింగ్-క్యాట్’ 1989లో ఇలినాయ్‌లో జిరాక్స్ పుస్తకంగా మొదలైంది. కామిక్ పత్రికలకు అయిదారేళ్ళ ఆయుష్షే ఎక్కువ అనుకునే చోట ఇది మూడు దశాబ్దాలు దాటి, ఎనభై సంచికల మార్కునూ దాటింది. మొదటిసారి చూసినవారు ‘ఇంత మాత్రం నేనూ గీస్తాను’ అంటారు. నేనూ అన్నాను. గీత సన్నగా, నీడలు లేకుండా, ముగ్గు గీతలా ఉంటుంది. ఒక మనిషి, ఒక చెట్టు, ఒక రోడ్డు, పైన ఖాళీ ఆకాశం. ఆ ఖాళీయే అతని విద్య. జిరాక్స్ యంత్రం బూడిదరంగు నీడలను మచ్చలుగా చేస్తుంది, సన్నటి గళ్ళ షేడింగును మింగేస్తుంది. శుభ్రమైన నల్ల గీత మాత్రం వందో కాపీలోనూ చెక్కుచెదరదు. కారణం యంత్రమో స్వభావమో చెప్పలేను గాని, ఆ గీతా ఆ యంత్రమూ ఒకదానికోసం ఒకటి పుట్టినట్టున్నాయి.

పోర్సెలినో కొన్నేళ్ళు దోమల నిర్మూలన విభాగంలో కూలికి పనిచేశాడు. గుంటల్లో, కాలువల్లో మందు చల్లుతూ తిరిగిన ఆ రోజులను ‘డైరీ ఆఫ్ ఎ మస్కిటో అబేట్‌మెంట్ మాన్’ అనే పుస్తకంలో చూడవచ్చు. మొదట్లో అవి సరదా ఉద్యోగ ముచ్చట్లు. పోనుపోను, ప్రాణం తీయడమే వృత్తి అయిన మనిషికి బౌద్ధం మీద మనసు మళ్ళడం, చేతిలో ఉన్న మందు డబ్బా బరువెక్కడం కనిపిస్తాయి. ఎక్కడా ఉపన్యాసం లేదు. ఒక గడిలో అతను నీళ్ళవైపు చూస్తాడు, అంతే. ‘కింగ్-క్యాట్’ సంచికల్లో కథలతోపాటు పాఠకుల ఉత్తరాలు, ఆ నెలల్లో అతనికి నచ్చిన వస్తువుల జాబితా, పిల్లి గురించిన కబుర్లు కూడా ఉంటాయి. సంచిక అంతా చదివితే దూరపు బంధువు రాసిన కార్డు అందుకున్నట్టు ఉంటుంది. జైన్ అంటే ఏమిటో ఒక్క ఉదాహరణతో చూపమంటే నేను చూపేది దీన్నే. పాత సంచికలనుంచి ఏరిన ‘కింగ్-క్యాట్ క్లాసిక్స్’ 2007లో పుస్తకంగా వచ్చింది కనుక విడి సంచికల కోసం వెతుకులాట అక్కరలేదు.

‘మౌస్’ నచ్చిన మీరు దాని పూర్వీకుణ్ణి తప్పక కలుసుకోవాలి. 1972లో జస్టిన్ గ్రీన్ అనే చిత్రకారుడు ‘బింకీ బ్రౌన్ మీట్స్ ది హోలీ వర్జిన్ మేరీ’ అనే ఒకే ఒక్క సంచిక వేశాడు. క్యాథలిక్ చదువుల మధ్య పెరిగిన ఒక కుర్రవాడికి పాపభీతి పట్టి పీడించడం, తన శరీరంనుంచే అపవిత్ర కిరణాలు వెలువడుతున్నాయని భ్రమపడటం, వాటినుంచి దేవుడి విగ్రహాలను కాపాడటానికి నానా తంటాలు పడటం అందులోని కథ. అశ్లీలం ఉంది, నవ్వు ఉంది, అంతకుమించి ఒక మనోవ్యాధిని రోగి తానే బొమ్మలుగా విప్పి చూపిన తెగువ ఉంది. ఆ పుస్తకం లేకపోతే ‘మౌస్’ లేదని ఆర్ట్ స్పీగల్‌మన్ తానే చెప్పుకున్నాడు. అదే 1972లో ఒక చిన్న కామిక్‌లో స్పీగల్‌మన్ మూడు పేజీల తొలి ‘మౌస్’ గీశాడు. 1980లో భార్య ఫ్రాన్స్వాజ్ మూలీతో కలిసి ‘రా’ అనే పత్రిక పెట్టి, దాని రెండో సంచికనుంచి ఇప్పుడు మనం చదువుతున్న ‘మౌస్’ను అధ్యాయాలుగా వేశాడు. న్యూయార్క్‌లోని తమ నివాసంలోనే చిన్న ఆఫ్‌సెట్ యంత్రం పెట్టుకుని అచ్చుపని నేర్చుకున్న మనిషి మూలీ. ‘రా’ భారీ సైజు పత్రిక. ‘మౌస్’ మాత్రం అందులో విడిగా కుట్టి అతికించిన చిన్న పుస్తకం. పెద్ద పేజీల ఆర్భాటం మధ్య అరచేతిలో పట్టే డైరీలాంటి పుస్తకంగా ఆ కథ మొదటి పాఠకులను చేరింది. ఈ రోజు మీ దగ్గరున్న సంపుటిలో బొమ్మలు ఎందుకంత చిన్నగా, దగ్గరదగ్గరగా, చేతిరాతలా ఉన్నాయో ఇప్పుడు తెలుస్తుంది. ‘రా’ ఏడో సంచికకు ప్రతి కాపీ అట్ట మూలనూ చింపి, ఆ ముక్కను లోపల అంటించి అమ్మారు. ప్రెస్సులో పనిచేసినవాడిగా ఆ చింపినవాళ్ళ వేళ్ళ గురించి ఆలోచిస్తాను.

‘పెర్సెపోలిస్’ వెనకా ఇటువంటి సంగతే ఉంది. ఫ్రాన్స్‌లో కామిక్ అంటే గట్టి అట్ట, నలభై ఎనిమిది పేజీలు, రంగుల అచ్చు అని స్థిరపడిపోయిన కాలంలో, ఆ కొలతనే తిరస్కరిస్తూ 1990లో కొందరు చిత్రకారులు ‘లాసోసియాసియాన్’ అనే ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. మర్జానె సత్రాపీ నాలుగు భాగాలూ అక్కడే, నలుపు తెలుపుల్లో, 2000 నుంచి 2003 దాకా వెలువడ్డాయి. అదే సంస్థలో డేవిడ్ బి. తన అన్న మూర్ఛవ్యాధిని, దానికి మందు వెతుకుతూ కుటుంబమంతా వైద్యుల చుట్టూ, బాబాల చుట్టూ తిరగడాన్ని ఆరు సంపుటాల్లో గీశాడు. ఇంగ్లీషులో ‘ఎపిలెప్టిక్’ పేరుతో దొరుకుతుంది. మీకు ‘పెర్సెపోలిస్’ గీత నచ్చితే ఇంకా దట్టమైన, భయపెట్టే ఈ గీత కూడా నచ్చుతుంది.

మాంట్రియల్‌లో జూలీ డూసే 1988లో ‘డర్టీ ప్లాట్’ అనే జిరాక్స్ జైన్ మొదలుపెట్టింది. ఆడవారి శరీరం, ఋతుస్రావం, పీడకలలు, చెత్తతో నిండిన గది, ఇవన్నీ ఎవరి అనుమతీ అడగకుండా అందులో ఉంటాయి. పేజీలో అరంగుళం ఖాళీ వదలకుండా సీసాలు, సిగరెట్ పీకలు, బొమ్మలు గీస్తుంది. పోర్సెలినో ఖాళీకి ఇది సరిగ్గా ఎదురు. చాలా ఏళ్ళ క్రితమే కామిక్స్ వదిలేసి వెళ్ళిపోయిన ఆమెకు 2022లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ ఉత్సవం అత్యున్నత పురస్కారం ఇచ్చింది. ‘మై న్యూయార్క్ డైరీ’తో మొదలుపెట్టండి. పిల్లలున్న ఇంట్లో పుస్తకాన్ని పై అరలో పెట్టండి.

మన దేశం విషయానికి వస్తే, ఒరిజిత్ సేన్ ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 1994లో కల్పవృక్ష అనే పర్యావరణ బృందం ప్రచురించిన ఈ నలుపు తెలుపు పుస్తకాన్ని మన దేశపు తొలి గ్రాఫిక్ నవలగా చాలామంది లెక్కిస్తారు. నర్మదా లోయలో ఆనకట్టకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం దీనికి నేపథ్యం. పుస్తకంలో నదికి దాని పాత పేరు రేవా. విష్ణు అనే నగరపు విలేఖరి వార్త కోసం లోయకు వెళతాడు. ఆ కథకు పక్కనే మల్గు గాయన్ అనే ఆదివాసీ గాయకుడు సృష్టికథ పాడుతుంటాడు. విలేఖరి కథ గళ్ళలో, పత్రికా భాషలో నడుస్తుంది. పాట వచ్చేసరికి గళ్ళ అంచులు కరిగి, కొండలూ చెట్లూ పేజీ అంతా పరుచుకుంటాయి. అంకెలతో, నివేదికలతో ఆనకట్టను సమర్థించే మాటలు ఒకవైపు, నది ఎలా పుట్టిందో చెప్పే పాట ఒకవైపు. రచయిత ఎవరి పక్షమో దాచుకోడు. అక్కడక్కడా సంభాషణలు కరపత్రంలా బిగుసుకుంటాయన్నది నా ఫిర్యాదు. అయినా పోలవరం ముంపు మండలాల కోయ, కొండరెడ్డి గూడేల గురించి వినివున్న తెలుగు పాఠకుడికి ఇందులోని దృశ్యాలు వేరే రాష్ట్రపు కథలా అనిపించవు. చాలా ఏళ్ళు దొరకక జిరాక్స్ కాపీలుగా తిరిగిన ఈ పుస్తకాన్ని చెన్నైలోని బ్లాఫ్ట్ అనే చిన్న ప్రచురణ సంస్థ 2022లో మళ్ళీ వేసింది.

నవయాన సంస్థ 2011లో తెచ్చిన ‘భీమాయన’ మీరు వినే ఉంటారు. అంబేద్కర్ జీవితంలోని అంటరానితనపు అనుభవాలను పర్ధాన్ గోండ్ చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. మనుషులను గళ్ళలో బంధించబోమని వాళ్ళు పట్టుబట్టడంతో, తమ ఇళ్ళ గోడలమీద వేసే దిగ్నా అల్లికలే పేజీని విడదీసే అంచులయ్యాయి. మృదువైన మాటలకు పక్షి ఆకారపు బుడగలు, విషపు మాటలకు తేలు తోక ఉన్న బుడగలు. ఇది పెద్ద ఆర్ట్ పేపరు పుస్తకమే, జైన్ కాదు. కాని కామిక్ వ్యాకరణాన్ని ఇంత మూలానికి వెళ్ళి మార్చే ధైర్యం చిన్న సంస్థకే సాధ్యమైంది.

వీటన్నిటికంటే చిన్న రూపం ఒకటుంది, దాన్ని పుస్తకాల జాబితాల్లో ఎవరూ చేర్చరు. శరద్ శర్మ నడిపిన వరల్డ్ కామిక్స్ ఇండియా శిక్షణ శిబిరాల్లో, బొమ్మలు గీయడం అలవాటు లేని గ్రామస్థులు, కార్యకర్తలు రెండు ఏ4 కాగితాలు కలిపి నాలుగు గళ్ళలో తమ ఊరి సమస్యను కథగా గీస్తారు. దాన్ని జిరాక్స్ తీసి, బస్టాపులోనో టీకొట్టు దగ్గరో గోడకు అంటిస్తారు. కథకు మొదలు, మలుపు, ముగింపు నాలుగు గళ్ళలో ఒదగాలి. అక్షరాలు మూడడుగుల దూరంనుంచి చదవగలగాలి. ఆ కథల్లో కొన్ని ఎంత పదునుగా ఉంటాయంటే, మూడు వందల పేజీల గ్రాఫిక్ నవల చదివిన తర్వాత వాటిని చూస్తే ఇందులో రెండు వందల తొంభై పేజీలు ఎందుకు అనిపిస్తుంది.

ఇక మొదలుపెట్టకూడనివి. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో పిల్లల తోపుడుబండిలో పెట్టి అమ్మిన రాబర్ట్ క్రమ్ ‘జాప్’ చరిత్రకు ముఖ్యం. అందులోని స్త్రీద్వేషం, నల్లజాతివారి బొమ్మలు నేటి పాఠకుడికి మింగుడుపడవు. డేవ్ సిమ్ ‘సెరెబస్’ను 1977 నుంచి 2004 దాకా మూడు వందల సంచికలు సొంతంగా వేసిన పట్టుదలకు దండం పెట్టవచ్చు, రెండో సగంలోని ఉపన్యాసాలకు పెట్టలేం. ‘టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్’ 1984లో ఇద్దరు మిత్రులు అప్పుతో మూడువేల పైచిలుకు ప్రతులు వేసుకున్న నలుపు తెలుపు పుస్తకమని తెలిస్తే చాలు, చదవకపోయినా పరవాలేదు. అయితే ఆ పుస్తకం తెచ్చిన డబ్బుతో ఆ ఇద్దరిలో ఒకడైన పీటర్ లెయిర్డ్ 1992లో జెరిక్ ఫౌండేషన్ పెట్టి, ఇరవై ఏళ్ళపాటు సొంతంగా అచ్చు వేసుకునేవారికి గ్రాంట్లు ఇచ్చాడు. హెర్నాండెజ్ సోదరుల ‘లవ్ అండ్ రాకెట్స్’ను మాత్రం మొదట కాక రెండో ఏట చదవండి. 1981లో సొంత అచ్చుగా మొదలైన ఆ కథల్లో పాత్రలు మనతోపాటే లావెక్కుతూ, ముసలివాళ్ళవుతూ నలభై ఏళ్ళు నడిచాయి.

కొనడం గురించి. ఇండియానుంచి విడి జైన్లు తెప్పించుకుంటే పుస్తకం ధరకు మించి తపాలా ఖర్చవుతుంది. కనుక ముందు సంకలనాలు కొనండి: పీకార్ తొలి కథల సంపుటి, ‘కింగ్-క్యాట్ క్లాసిక్స్’, ‘రివర్ ఆఫ్ స్టోరీస్’, ఈ మూడూ ఒక ఏడాదికి సరిపోతాయి. ఆ తర్వాత నచ్చిన ఒకే ఒక్క రచయితకు నేరుగా డబ్బు పంపి విడి సంచిక తెప్పించుకోండి. ఈలోగా ఒక ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెట్టి, విప్పి, నడుమ ఒక్క కత్తెర గాటు పెడితే పిన్ను లేకుండా ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది. అందులో ఒకసారి నాలుగైదు బొమ్మలతో ఏదైనా చెప్పి చూడండి. పోర్సెలినో గీత తేలికన్న భ్రమ అరగంటలో పోతుంది.

చివరిగా, దాచుకోవడం. విడి సంచికలను బైండు చేయించకండి. నా దగ్గరున్న పద్నాలుగు జైన్లను ఒకప్పుడు అతిజాగ్రత్తకు పోయి ఒక బైండరుకు ఇచ్చాను. సైజులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని ఆయన శ్రద్ధగా మూడువైపులా కటింగ్ మిషన్ మీద పెట్టి సమానం చేసి ఇచ్చాడు. అంచుల్లో రాసిన చేతిరాత మాటలు, రెండు కథల పేజీ కొసలు, ఒక రచయిత పెన్సిలుతో వేసిన సంతకం ఆ కత్తిరింపు ముక్కలతో పోయాయి. ప్లాస్టిక్ కవరులో, పడుకోబెట్టి, తుప్పు పట్టిన పిన్నులు తీసి దారంతో కుట్టి ఉంచితే చాలు.